నొప్పి, నొచ్చుకోలు

ఓరుగల్లు వైపు ఒక పెద్దమ్మని ఒంట్లో ఎట్లుందని అడిగితే ‘కాళ్ళు నొస్తున్నయ్ బిడ్డా’ అంటుంది. గోదావరి జిల్లాలో అదే ప్రశ్నకి ‘కాళ్ళు నొప్పెడుతున్నాయి నాయనా’ అని జవాబు వస్తుంది. కోస్తా వాడుకలో పాత క్రియ ఒంటిని వదిలేసినట్టుంది. అక్కడ ఒంటికి మిగిలింది నొప్పి అనే నామవాచకం, దానికి తోడుగా పెట్టడమో పుట్టడమో. తెలంగాణలో మాత్రం నొచ్చు అనే క్రియ మోకాళ్ళలోనూ నడుములోనూ ఇంకా బతికే ఉంది. కోస్తాలోనూ అది చావలేదు, మనసు దగ్గరికి చేరింది. ‘ఆ మాటకి ఆయన నొచ్చుకున్నారు’, ‘పిల్ల మనసు నొచ్చింది’, ‘ఉన్నమాట అంటున్నాను, నొచ్చుకోకండి’ అనని తెలుగువాళ్ళు ఏ ప్రాంతంలోనూ ఉండరు. ఒకే ధాతువు ఒక వాక్యంలో కీలు గురించి చెబుతుంది, పక్క వాక్యంలో మనసు గురించి చెబుతుంది. వినేవాడు ఎక్కడా తడబడడు.

ఈ మాటకి పెద్ద కుటుంబమే ఉంది. బరో, ఎమెనో 1961లో తెచ్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో మన నొచ్చు, నొప్పి, నొగులు ఒకచోట కనిపిస్తాయి. వాటి పక్కనే తమిళ నోవు, నోయ్, కన్నడ, మలయాళాల నోవు. నొగులు అంటే బాధపడటం, శోకించడం, రెండూ. తమిళంలో నోయ్ అంటే జబ్బు. కానీ తిరుక్కురళ్‌లో ప్రేమను చెప్పే మూడో భాగానికి వెళ్తే, ఎడబాటులో ఉన్న స్త్రీ తన దిగులుని కూడా ఆ మాటతోనే చెబుతుంది. మాటలు మొదట ఒంటి గురించి పుట్టి, తర్వాత పోలిక మీద మనసుకి పాకాయని భాషాచరిత్రలో తరచూ చెబుతారు. ఈ కుటుంబం విషయంలో ఆ వరసని ఒప్పుకోవడానికి నాకు ఆధారం కనిపించదు. ఎంత వెనక్కి వెళ్ళినా రెండు అర్థాలూ కలిసే ఉన్నాయి. సుమతీ శతకకారుడు ఎవరి మనసునీ నొప్పించకుండా, తాను నొవ్వకుండా మసలే మనిషిని ధన్యుడన్నప్పుడు, ఆ రెండో నొవ్వడం ఒంటిదా మనసుదా అని పలకమీద ఆ పద్యం దిద్దిన పిల్లలెవరూ అడగలేదు.

నోము, నోచు అనే మాటలు చెవికి దీనికి దగ్గరగా వినిపిస్తాయి. నిఘంటువులు వాటిని వేరే ధాతువు కింద పెట్టాయి. ఓర్చడం, వ్రతం పట్టడం దాని అర్థం, తమిళంలో నోన్బు దాని తోబుట్టువు. కాబట్టి రెంటినీ ఒకటి చెయ్యను. అయినా ఏళ్ళ తరబడి నడుము నొప్పితో ఉన్న ఆడవాళ్ళు ‘సుఖానికి నోచుకోలేదు’ అన్నప్పుడల్లా ఈ రెండు మాటలూ నాకు పక్కపక్కనే వినిపిస్తాయి.

అసలు ఆగి చూడవలసింది ‘నొచ్చుకొను’ దగ్గర. ‘కాలు నొస్తుంది’ అన్నప్పుడు కర్త కాలు. ‘నాకు నొప్పిగా ఉంది’ అన్నప్పుడు నేను కర్తని కాను, ఆ నొప్పి వచ్చిన చోటుని. ‘ఆమె నొచ్చుకుంది’ అనేసరికి మనిషే కర్త అవుతుంది. ఈ మార్పు తెచ్చింది చివరి ‘కొను’. వ్యాకరణంలో దీన్ని ఆత్మార్థకం అంటారు, అంటే పని ఫలం చేసినవాళ్ళ మీదికే తిరిగి రావడం. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు అర్థం తీస్తారు. ‘నువ్వే నొచ్చుకున్నావు, అంటే నీ అంతట నువ్వు తెచ్చిపెట్టుకున్నావు’ అనుకుంటారు. తెలుగు ‘కొను’ ఆ మాట అనదు. ‘పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకుంది’ అంటాం. ‘మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు’ అంటాం. కావాలని కాల్చుకున్నదెవరు, విరగ్గొట్టుకున్నదెవరు? చెయ్యి ఆమెది, కాలడం ఆమెకే జరిగింది, ‘కొను’ చెప్పేది అంతే. నొచ్చుకోవడమూ అలాంటిదే. అందులో మనసు ఉంది, ఇష్టం లేదు. దీర్ఘకాలపు నొప్పి గురించి మన ఇళ్ళలో, ఆసుపత్రి గదుల్లో జరిగే అన్యాయమంతా ఈ రెంటినీ ఒకటిగా చూడటంలోనే ఉందని నా నమ్మకం.

సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల్లో ఒక్కొక్కదానికీ ఒక్కో చూపు ఉంది. పీడ అంటే నొక్కడం. వ్యథలో వణుకు ఉంది. బాధలో అడ్డగింత ఉంది, అందుకే ‘నీకేమైనా బాధా?’ అని దెప్పిపొడుపుగా కూడా అడగగలం. వేదనది ‘విద్’ ధాతువు, తెలియడం దాని అర్థం. బౌద్ధుల పాలీ గ్రంథాల్లో వేదన అంటే ఏ అనుభూతి అయినా సరే, సుఖమూ అందులోదే. తెలుగుకి వచ్చేసరికి అందులో దుఃఖమే మిగిలింది.

ఆ పాలీ సూత్రాల్లోనే, వేదనల గురించిన భాగంలో, శల్య సూత్రం ఉంది. బాణం తగిలిన మనిషికి వెంటనే ఇంకో బాణం తగిలితే ఎలా ఉంటుందో బుద్ధుడు అందులో చెబుతాడు. మొదటిది ఒంటి నొప్పి, రెండోది దానికి మనసు పడే క్షోభ. శల్యం అంటే బాణపు ములికి, ఒంట్లో దిగబడిన పరాయి వస్తువు. దాన్ని తీసే విద్య కాబట్టే ఆయుర్వేదంలో శస్త్రచికిత్సకి శల్యతంత్రమని పేరు వచ్చింది. తెలుగువాళ్ళం ఆ మాటని ఎముకకి వాడుకున్నాం. దిగులుతో చిక్కి శల్యమైపోయిందని అంటాం. బుద్ధుడి రెండో బాణం మన వాడుకలో ఎముకల దాకా దిగింది.

ఆధివ్యాధులు అని జంటగా పలుకుతాం. ఆధి మనసుది, వ్యాధి ఒంటిది. చరకసంహిత విమానస్థానంలో ఈ రెంటి సంగతీ ఉంది. కామక్రోధాదులైన మనోవికారాలు, జ్వరాదులైన దేహవికారాలు చాలాకాలం నిలిచిపోతే ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయని చరకుడు అంటాడు. ‘చాలాకాలం నిలిచిపోతే’ అన్నదే నాకు ముఖ్యం. ముల్లు గుచ్చుకున్న క్షణంలో మనసు పాత్ర చిన్నది. మూడు నెలలు, మూడేళ్ళు గడిచాక అది చిన్నది కాదు. నేటి వైద్యం కూడా మూడు నెలలు దాటి ఉండిపోయిన నొప్పినో, తగ్గినా మళ్ళీ మళ్ళీ వచ్చే నొప్పినో దీర్ఘకాలికం అంటోంది.

నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 1979లో నొప్పికి ఒక నిర్వచనం ఇచ్చింది. ఇంద్రియాలకీ భావాలకీ సంబంధించిన అసుఖానుభవం నొప్పి అంది. ఆ ‘భావాలకీ’ అన్న మాట మొదటి వాక్యంలోనే ఉంది, అనుబంధంలో కాదు. దాన్ని తయారు చేసిన బృందాన్ని నడిపిన హెరాల్డ్ మెర్స్కీ మానసిక వైద్యుడు. ఒంట్లో దెబ్బ ఉన్నా, ఆ దెబ్బ భాషలో రోగి వర్ణించినా అది నొప్పే అని అప్పట్లో రాశారు. 2020లో, శ్రీనివాస రాజా అధ్యక్షతన కూర్చున్న బృందం ‘వర్ణించినా’ అన్న మాట తీసేసి ‘పోలినదైనా’ అని పెట్టింది. మాట రాని పసివాళ్ళ నొప్పీ, మాట పోయిన వృద్ధుల నొప్పీ నిర్వచనానికి బయట ఉండిపోకూడదని ఆ మార్పు. తనకి నొప్పిగా ఉందని మనిషి చెబితే ఆ మాటని గౌరవించాలని కూడా కింద వివరణల్లో చేర్చారు. ఇంత స్పష్టంగా రాయవలసి వచ్చిందంటే, ఎంతమంది రోగుల మాట కొట్టివేతకి గురై ఉండాలి!

ఆ బృందం ఇంగ్లీషులో నొప్పికున్న ‘పెయిన్’ అనే మాట పుట్టుకని కూడా నిర్వచనం వెంట అచ్చువేసింది. అది లాటిన్ ‘పోయెనా’ నుంచి వచ్చింది, అంటే శిక్ష, జరిమానా. వాళ్ళ నొప్పిలో పుట్టుకతోనే ఒక నేరం దాగి ఉంది. మన నొప్పిలో లేదు. నొచ్చు ధాతువు ఎవరినీ దోషిని చెయ్యదు. కానీ మాటలో లేనిదాన్ని మనం బయటినుంచి తెచ్చి అతికించాం. ‘ఏ జన్మలో ఏం పాపం చేశానో’ అని మంచం మీద మనిషి తనకి తానే శిక్ష వేసుకుంటుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ‘అయ్యో పాపం’ అంటారు. చేసిన తప్పుకీ, ఎదుటివాళ్ళ మీద జాలికీ తెలుగులో ఒకే మాట. వచ్చినవాళ్ళ నోట అది జాలే. పడుకున్న మనిషి చెవిలో ఏ అర్థం మోగుతుందో ఆ మనిషికే తెలుసు.

నొప్పి మాటల్ని పోగుచేసి చూసిన శాస్త్రవేత్త రొనాల్డ్ మెల్జాక్. మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయం ఆయనది. 1965లో పాట్రిక్ వాల్‌తో కలిసి, వెన్నుపాములో నొప్పి సంకేతాలకి ఒక ద్వారం ఉంటుందనీ, మెదడు నుంచి కిందికి దిగే సంకేతాలు కూడా దాన్ని తెరుస్తూ మూస్తూ ఉంటాయనీ ప్రతిపాదించాడు. భయం, దిగులు, ధ్యాస నొప్పిని ఎలా మార్చగలవో చెప్పడానికి అప్పటినుంచి ఒక దారి ఏర్పడింది. ఆ ద్వారం వివరాల్లో కొన్ని తర్వాతి పరిశోధనలో నిలవలేదు గానీ కిందికి దిగే దారి నిలిచింది. అదే మెల్జాక్ 1975లో 78 మాటలతో, 20 గుంపులుగా ఒక ప్రశ్నపత్రం తెచ్చాడు. నొప్పి ఎలా ఉందో చెప్పే మాటలు కొన్ని, అది మనసుని ఏం చేస్తోందో చెప్పే మాటలు కొన్ని, మొత్తమ్మీద ఎంత భరించరానిదో చెప్పేవి ఇంకొన్ని. రోగి వాటిలో తన మాటలు ఎంచుకోవాలి.

మనకి ఇలాంటి జాబితా కట్టడానికి సరుకు తక్కువ లేదు. కురుపు సలుపుతుంది. తల పోటు పెడుతుంది. నరాలు గుంజుతాయి. పిక్కలు లాగుతాయి. ఒళ్ళంతా తీపులు. పన్ను జివ్వుమంటుంది, గాయం చురుక్కుమంటుంది, నడుము కలుక్కుమంటుంది. ఇందులో సగం మాటలు మనసుకీ వాడతాం. ఎవరో అన్న మాట చురుక్కుమని తగులుతుంది. పెళ్ళయి వెళ్ళిన పిల్ల ఖాళీ గది చూసి తల్లి మనసు కలుక్కుమంటుంది. ఇంత సంపద ఉన్న భాషలో, ఆసుపత్రిలో మాత్రం ‘పదిలో ఎంత నొప్పి?’ అని అడుగుతారు. ‘చానా’ అంటుంది రోగి. కాగితం మీద ఎనిమిది పడుతుంది. ఆ అంకె పనికిరాదని అనను, మందు పనిచేసిందో లేదో చూడటానికి అది కావాలి. కానీ నరాలు గుంజుతున్నాయన్న మనిషికీ, ఒళ్ళు సలుపుతోందన్న మనిషికీ, నొప్పికంటే దాని భయమే చంపేస్తోందన్న మనిషికీ చీటీలో అదే ఎనిమిది.

మెదడులో ఒంటి నొప్పికీ మనసు నొప్పికీ ఒకే చోటా అన్న ప్రశ్న పత్రికల్లో చాలా తేలిగ్గా తేల్చేశారు. 2003లో నయోమీ ఐసెన్‌బర్గర్, ఆమె సహచరులు ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ మీద బంతి విసిరే ఆటలో ఒక మనిషిని మెల్లగా వెలివేశారు. ఒంటి నొప్పిలోని దుఃఖభాగంతో సంబంధం ఉన్న మెదడు ప్రాంతం అప్పుడు చురుకైంది. రెండు నొప్పులూ ఒకటేనన్న మాట అక్కడినుంచి ఊరంతా పాకింది. 2014లో ఇంకో బృందం లోతుగా చూస్తే, ప్రాంతం ఒకటే అయినా అందులో మెదిలే తీరు రెంటికీ వేరని తేలింది. నొప్పి, నొచ్చుకోలు అన్న మాటల అమరికా ఇలాంటిదే. ధాతువు ఒకటి, రూపాలు రెండు. ఒకదాన్ని ఇంకోదానిగా చదవకూడదు, ఒకదాన్ని వదిలి ఇంకోదాన్నీ చదవకూడదు.

2005 చివర్లో మొదలై 2006 అంతా అప్పటి ఆంధ్రప్రదేశ్ ఊళ్ళని ఊపిన చికున్‌గున్యా చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ పేరు టాంజానియాలోని మకొండే భాషది, వంగిపోయేలా చేసేది అని అర్థం. మన దగ్గర అది ‘చికెన్ గున్యా’ అయి, కోడి వల్ల వస్తుందేమోనన్న అనుమానం కూడా పుట్టించింది. జ్వరం వారంలో పోయేది. కీళ్ళు మాత్రం కొందరికి నెలలు, ఇంకొందరికి ఏళ్ళు పట్టేసి ఉండేవి. పొద్దున్నే లేచి చెంబు పట్టుకోలేని చేతులు, నాట్లకి వంగలేని నడుములు. కూలికి వెళ్ళలేని రోజులు పెరిగినకొద్దీ ఇంట్లో మాటలు మారాయి. ‘జ్వరం ఎప్పుడో పోయిందిగా’ అన్న మాటకి ఏం చెప్పాలో తెలియక, నొప్పి ఉన్నా లేనట్టు తిరిగినవాళ్ళున్నారు. నిద్ర పట్టదు. నిద్ర లేనివాళ్ళకి మర్నాడు నొప్పి ఎక్కువ తెలుస్తుంది. కదిలితే నొప్పి అని కదలరు, కదలక కీళ్ళు ఇంకా బిగుసుకుంటాయి. నలుగురిలోకి వెళ్ళరు, ఒంటరితనంలో ధ్యాసంతా కీలు మీదే ఉంటుంది. డిప్రెషన్‌కి మనం కుంగుబాటు అని మంచి మాట పెట్టుకున్నాం. కుంగడం భారం కింద ఒరిగే దూలానిది, అలసిన మోకాలిది, మనసుది కూడా. దీర్ఘకాలపు నొప్పి ఉన్నవాళ్ళలో కుంగుబాటు, కుంగుబాటు ఉన్నవాళ్ళలో నొప్పులు ఎక్కువగా కనిపిస్తాయని దశాబ్దాల పరిశీలన చెబుతోంది. ఏది ముందో చాలాసార్లు విడదీయలేం.

ఇక్కడికి వచ్చాక ‘మానసికం’ అన్న మాట మీద నాకున్న కోపం చెప్పాలి. మనసుకి సంబంధించినది అని దాని అర్థం, అంతకుమించి ఏమీ లేదు. కానీ స్కానింగు కాగితం పక్కన పెట్టి ‘రిపోర్టులన్నీ నార్మల్, అంతా మానసికమే’ అన్నప్పుడు ఆ మాట లేనిది, నటన, అబద్ధం అనే అర్థాలు మోస్తుంది. స్కానింగు బొమ్మకీ నొప్పికీ అంత నేరు సంబంధమే ఉంటే బాగుండేది. ఏ నడుము నొప్పీ లేని 20 ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం మందికి వెన్నుపూసల మధ్య డిస్కు అరుగుదల కనిపించిందని, 80 ఏళ్ళవాళ్ళలో అది 96 శాతమని 2015లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టారు. అరుగుదల ఉండి నొప్పి లేనివాళ్ళు అంతమంది. బొమ్మలో ఏమీ లేకుండా నొప్పి పడేవాళ్ళూ ఉన్నారు. గాయం మానినా వెన్నుపాము, మెదడు సంకేతాలని పెద్దవి చేస్తూనే ఉండగలవు. అది ఊహ కాదు, నాడుల పని.

అందుకే దీర్ఘకాలపు నొప్పికి వైద్యులు ఒక్కోసారి అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ లాంటి మందులు రాస్తారు. మొదట కుంగుబాటుకి వచ్చిన మందులవి. మెదడు నుంచి వెన్నుపాములోకి దిగి నొప్పిని తగ్గించే దారులు సెరటోనిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలతో నడుస్తాయి, ఈ మందులు వాటినే పెంచుతాయి. మందుల షాపులో ఎవరో ‘ఇది డిప్రెషన్‌ది కదండీ’ అంటారు. ఇంటికొచ్చిన మనిషి ‘నాకు పిచ్చనుకున్నారా’ అని నొచ్చుకుని బిళ్ళలు బల్లమీద పెట్టేస్తుంది. రాసిచ్చే ముందు రెండు నిమిషాలు ఈ సంగతి విడమరిచి చెప్పి ఉంటే ఆ బిళ్ళలు బల్లమీద ఉండవు. ఆ రెండు నిమిషాలు కూడా వైద్యమే.

‘మనోవ్యాధికి మందు లేదు’ అనే సామెత మనలో బాగా నాటుకుంది. సామెతల మీద నాకు ప్రేమే గానీ ఈ ఒక్కదాన్ని వదిలేసుకోవడం మంచిది. మందు ఉంది, మాటతో చేసే చికిత్స ఉంది, కొద్దికొద్దిగా కదలిక పెంచే పద్ధతులున్నాయి. వీటివల్ల నొప్పి మొత్తం మాయం కాదు. చాలామందికి దక్కేది కొంచెం మేలు, కానీ రాత్రి నిద్రపట్టేంత, వంటింట్లో నిలబడగలిగేంత మేలు.

తెలుగు పత్రికల లోపలి పేజీల్లో ఒక శీర్షిక ఏళ్ళుగా మారలేదు. ‘కడుపునొప్పి తాళలేక ఆత్మహత్య’. తాళు అంటే ఓర్చు. ఆ వార్త కడుపు దగ్గర మొదలై కడుపు దగ్గరే ఆగిపోతుంది. ఎన్నాళ్ళ నొప్పి, ఎన్ని ఆసుపత్రులు, ఎంత అప్పు, ఇంట్లో ఎవరు నమ్మారు, ఎవరు నమ్మలేదు, ఆఖరి నెలల్లో ఆ మనిషి ఎవరితోనైనా మాట్లాడిందా అన్నవేవీ అందులో ఉండవు. జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలోని ఆత్మహత్యల్లో 18.4 శాతానికి కారణం అనారోగ్యం, కుటుంబ సమస్యల తర్వాత అదే పెద్దది. ఆ అనారోగ్యం గడి లోపల మానసిక వ్యాధికి ఒక వరస, దీర్ఘకాలిక వ్యాధికి వేరే వరస. కడుపునొప్పి తాళలేకపోయిన మనిషిని ఏ వరసలో రాయాలి? ఒకదాంట్లో రాస్తే రెండోది చెరిగిపోతుంది. రెండూ ఉన్న మనిషికి పట్టికలో చోటు లేదు.

‘ఓర్చుకో’ అనే మాటలోనూ ‘కొను’ ఉంది. మన ఇళ్ళలో ఆడవాళ్ళకి ఎక్కువ వినిపించేది అదే. పురిటి నొప్పులకి కేవలం ‘నొప్పులు’ అని పేరు పెట్టిన భాష మనది. ఆ నొప్పులు పడ్డదానివి, ఇవో లెక్కా అనే తర్కం అత్తగారి నోటా వింటాం, అమ్మ నోటా వింటాం. పురిటి నొప్పికి ఒక చివర ఉంటుంది, చివర బిడ్డ ఉంటుంది. ఏళ్ళ తరబడి సాగే నడుము నొప్పికి అలాంటి చివరేమీ కనిపించదు. అక్కడ ఓర్చుకో అన్న మాట, ఇక నాతో చెప్పకు అన్నట్టే వినిపిస్తుంది.

‘కొను’ ఉన్న మాట ఇంకొకటి ఉంది, ‘చెప్పుకొను’. చెప్పడం వేరు, చెప్పుకోవడం వేరు. కబురు చెబుతాం, కష్టం చెప్పుకుంటాం. చెప్పుకోవడానికి ఎదుట ఒకరు ఉండాలి, అడ్డు తగలకుండా వినాలి. ఇంట్లో అలాంటివాళ్ళు లేనివాళ్ళ కోసం, చావు ఆలోచనలు వస్తున్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలిమానస్ ఉంది. 14416కి ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో వినేవాళ్ళున్నచోట, ‘ఎక్కడ నొస్తుంది?’ అన్న ప్రశ్న వెంటనే ‘నిద్ర పడుతోందా? ఏం భయంగా ఉంది?’ అని కూడా అడగొచ్చు. వైద్యుడి గదిలోనూ ఇవే ప్రశ్నలు కావాలి, రిపోర్టు నార్మల్ అని వచ్చిన రోజున మరీ కావాలి.